వాసన లేని రోగం

ఊరు అయిపోయి అడవి ఇంకా మొదలుకాని చోట ఒక బీడు ఉంది. ఆ బీట్లో కంప కంచె వేసి గొర్రెల దొడ్డి కట్టుకున్నాడు ఓబులేసు. దొడ్డి పక్కన రేకుల కొట్టం. అందులో ఓబులేసు, అతని భార్య లింగమ్మ ఉంటారు. మనుషుల గురించి ఇంతకంటే పెద్దగా చెప్పను. ఈ కథ వాళ్లది కాదు, వాళ్ల వెనక మాట్లాడుకునే జంతువులది. జంతువుల మాటలు మనుషుల మాటలకంటే గొప్పగా ఉంటాయని మాత్రం ఆశపడొద్దు. అదే పుకారు, అదే డాబు, చివరికి అదే ఏడుపు.

ఆ దొడ్డికి కాపలా సివంగి. గోధుమరంగు ఆడకుక్క. దాని ఎడమ చెవి సగానికి చిరిగి ఉంటుంది. తోడేలుతో కొట్లాటలో చిరిగిందని సివంగి చెబుతుంది, కంచెలో ఇరుక్కుని చిరిగిందని కోడి చెబుతుంది. ఏమైనా సివంగి వచ్చాక ఆ దొడ్డిలోంచి ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదు. ఆ మాట కోడి కూడా కాదనదు.

సివంగికి తన ముక్కంటే మహా గర్వం. "గాలి ఇటు తిరిగితే చాలు, వంక అవతల ఎవరు ఏం తిన్నారో చెప్తా" అనేది. చెప్పేది కూడా. ఎవరైనా పాముంది జాగ్రత్త అంటే, "నా ముక్కుకు తెలీకుండా ఏ పామొస్తుంది?" అని నవ్వేది. ఆ గర్వాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ ముక్కును నమ్ముకునే మంద మొత్తం నిద్రపోయేది.

ఒక ఏడు చలికాలం వెళ్లేవేళకు సివంగి నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడు గుండ్రాళ్లలా గట్టిగా ఉన్నాయి. నాలుగోది బక్కది. పిడికెడు లేదని లింగమ్మ దానికి పిడికెడు అనే పేరు పెట్టింది. పాలకు మూడూ ఎగబడితే పిడికెడు వెనకే ఉండిపోయేది. సివంగి కూడా దాన్ని ముందుకు లాక్కునేది కాదు. బతికేవాటికి పాలు చాలితే చాలనుకుంది. తల్లి అలా అనుకుంటుందా అని మీరు బుగ్గలు నొక్కుకోవద్దు. తినడానికి దొరికేది సంగటి ముద్దలో సగం అయినప్పుడు ఏ తల్లి లెక్కయినా అలాగే ఉంటుంది.

వంక అవతల గట్టు కింద ఒక నక్క కాపురం ఉండేది. దానికీ ఆ ఏడే ముగ్గురు పిల్లలు. సివంగి ఈనిన సంగతి తెలిసినప్పటినుంచి దానికి మెతుకు దిగలేదు.

"ఏమే, విన్నావా? దొడ్డికాడ నలుగురంట" అంది భార్యతో.

"ఉంటే ఉండనీలే. మనకు లేరా?"

"పిచ్చిదానా! ఆ ముసిల్దాని పండ్లు అరిగినాయి. ఇంకో వానాకాలం చూస్తే మంద మనదే అనుకున్నా. ఇప్పుడు నాలుగు ముక్కులు, నాలుగు నోళ్లు. మన పిల్లోళ్లు ఏం తిని పెరగాల? ఎండ్రకాయలా?"

"అయితే ఏం చేస్తావు?"

"చూస్తా" అంది నక్క. అంతకుమించి భార్యకు చెప్పలేదు. ఇంట్లో చెప్పకుండా చేసే పనులన్నీ ఎలాంటివో వేరే చెప్పాలా?

ఆ రోజుల్లోనే రోడ్డు మీది టీ అంగడి వెనక వీధికుక్క పిల్లలు చచ్చిపోతున్నాయి. వాంతులు, నెత్తురు విరేచనాలు. పొద్దున ఆడుకున్న పిల్ల మర్నాటికి లేచేది కాదు. ఎంగిలి ఆకుల కోసం అక్కడికి వెళ్లే నక్క ఇదంతా చూసింది. దానికి చదువు లేకపోయినా కళ్లున్నాయి. ఒక పిల్ల చచ్చిన గోనెసంచి మీద ఇంకో పిల్ల పడుకుంటే దానికీ అదే వస్తుందని కనిపెట్టింది. ఇది కుక్కల రోగం అనుకుంది. కుక్కల రోగం నక్కకెందుకొస్తుందని కూడా అనుకుంది. ఎంత తెలివైనవాడైనా ఎక్కడో ఒకచోట ఆలోచన ఆపేస్తాడు. నక్క అక్కడ ఆపింది.

పశువుల డాక్టరమ్మ ఒకరోజు బండి మీద వచ్చి మందను చూసింది. సివంగి పిల్లల్ని చేతిలోకి తీసుకుని నోళ్లు తెరిచి చూసింది.

"లింగమ్మా, ఊళ్లో పార్వో అని కుక్కపిల్లల్ని చంపే రోగం తిరుగుతోంది. వచ్చే వారం సూదుల బండి తెస్తాను. నాలుగింటికీ వేయించు. తల్లికీ వెర్రికుక్క రోగం రాకుండా ఒకటి వేద్దాం. మళ్లీ కొన్నాళ్లకు పిల్లలకు రెండో సూది. అప్పటిదాకా బయటి కుక్కల్తో కలవనివ్వకు."

"అట్లనేమ్మా" అంది లింగమ్మ.

డాక్టరమ్మ పోగానే సివంగి పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ వాసన చూసింది. వాటి ఒంటి మీద మందుల వాసన, ఎవరెవరివో భయపడ్డ కుక్కల వాసన. దాని మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

చింతకట్టె గుంజకు కట్టేసిన బూడిదరంగు మైల ఎద్దు నెమరు ఆపి చూసింది. అది ముసలిది, దుక్కికి పనికిరాని వయసు. ఓబులేసుకు మనసొప్పక అమ్మలేదు.

"ఏమి పాపా, అట్ల ఊగిపోతాండావు?" అంది.

"పిల్లలకు సూదులు పొడుస్తారంట మైలన్నా."

"పొడవనీ. నాకు ఏడేడూ పొడుస్తానే ఉండారు. గాలికుంటుకొకటి, గొంతువాపుకొకటి. చీమ కుట్టినట్టుంటాది. ఒక పూట ఒళ్లు వెచ్చబడుతాది, అంతే."

"నీకేమి! ముక్కుకు తాడేసినా ఊరుకున్నావు, మెడకు కాడి పెట్టినా ఊరుకున్నావు. నీకు మనిషి చేసేదంతా మంచే."

ఎద్దు నొచ్చుకుంది. నొచ్చుకుంటే మాట్లాడకపోవడం దాని అలవాటు. మళ్లీ నెమరు మొదలుపెట్టింది. ఆ పూట అది నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కోపమే.

మర్నాడు పెంటకుప్ప దగ్గర కోడి వగరుస్తూ వచ్చింది.

"వదినా, వదినా! విన్నావా? సూది పడిన కుక్కపిల్లలు మొరగవంట!"

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటాండారు. గొంతులో నరం చచ్చిపోతాదంట. ముక్కు కూడా పనిచెయ్యదంట."

"అందరూ అంటే?"

"అబ్బ, అందరూ అంటే అందరే వదినా! నాకేం పని, నీ మంచికి చెప్పినా" అని కోడి గింజలు ఏరుకుంటూ వెళ్లిపోయింది.

ఆ అందరూ ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. సూదుల బండి సంగతి టీ అంగడి దగ్గర విని, తెల్లారగట్ల కంచె అవతల నిలబడి కోడి చెవిలో ఆ మాట వేసింది నక్కే. మధ్యాహ్నం ఓబులేసు మందతో పోయి, లింగమ్మ కట్టెలకు పోయాక నక్క తానే వచ్చింది. కంచెకు దూరంగా, కనిపించేట్టు, తోక దించి నిలబడింది.

సివంగి ఒక్క దూకున లేచింది. "రేయ్! ఇంకొక్క అడుగు వేసినావంటే చీల్చేస్తా!"

"వెయ్యనక్కా. ఈడనే ఉంటా. గొర్రెల కోసం రాలేదు. నేనూ పిల్లలుగలోన్నే."

"అయితే?"

"టీ అంగడికాడ చూసినా. సూదులు పొడిచిన పిల్లలు ఎట్ల తల వాలేసినాయో! కండ్లారా చూసి చెప్పకుంటే పాపమని వచ్చినా. ఎంతైనా మనది ఒకటే రక్తం కదక్కా. మీ తాత, మా తాత అడవిలో అన్నదమ్ములు."

ఒకటే రక్తం. నక్క తన బతుకులో చెప్పిన నిజం అదొక్కటే. అబద్ధమనుకుని చెప్పింది.

సివంగి కూర్చుంది. గొంతు కొంచెం తగ్గింది. "కోడి కూడా ఏందో అనింది."

"చూసినావా? నేననలేదు, ఊరంతా అంటాండారు. అసలు నీకెందుకక్కా సూది? ముక్కులేనోళ్లకు సూది. ఎద్దుకుందా ముక్కు? గొర్రెకుందా? పాపం, రోగం పక్కన కూర్చున్నా తెలీదు వాళ్లకు. నీకట్ల కాదే! వంక అవతల నేనేం తిన్నానో చెప్తావే! రోగమొస్తే నీకు ముందు వాసన రాదా?"

"వస్తాది" అంది సివంగి. ఛాతీ ముందుకు వచ్చింది.

"మరి? నీకేసినారా చిన్నప్పుడు సూది?"

"లేదు."

"బతకలేదా?"

"సింహంలా బతికినా."

"అదీ మాట!" అంది నక్క. "వంక ఒడ్డున నా పాత గుంట ఖాళీగా ఉంది. బండి వచ్చేటప్పుడు పిల్లల్ని అందులో దాచుకో. ఆ బండి ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో తిరుగుతానే ఉంటాది, కాబట్టి కొన్నాళ్లు అక్కడే ఉంచు. మెత్తగా పరుపు కూడా ఏసిపెడతా."

"చూద్దాం తమ్ముడూ" అంది సివంగి. రేయ్ అన్న నోటితోనే తమ్ముడూ అంది. నక్కకు పని సగం అయిపోయినట్టే.

నక్క నేరుగా టీ అంగడి వెనక్కి పోయింది. పిల్లలు చచ్చిన గోనెసంచిని నోట కరుచుకుని వంకలోకి ఈడ్చింది. నీళ్లలో నానేసి తొక్కి, బండ మీద ఎండేసి, వావిలాకు కింద కప్పి పెట్టింది. వాసన పోయింది. పాత గుంటలో పరిచింది. వాసన పోతే రోగం పోదని దానికి తెలుసు. తెలిసే ఉతికింది. పని అయ్యాక ఆకలేసి ఇంటికి పోయింది. పిల్లలు ముగ్గురూ ఎదురొచ్చి తండ్రి మూతి నాకాయి. నక్క వాటి తలలు నాకింది.

బండి వచ్చే ముందురోజు ఎద్దు మళ్లీ నోరు విప్పింది. నొప్పి మరిచిపోవడానికి దానికి అంతకాలం పట్టింది.

"పాపా, పిల్లల్ని యాడికన్నా తీసుకుపోతావా ఏమి?"

"నా పిల్లలు, నా ఇష్టం. నాకు సూది లేదు, నేను బతికినా."

"మీ అమ్మకు ఎంతమంది మీరు?"

"ఏడుగురం."

"మిగతా ఆరుగురు యాడుండారు?"

సివంగి చిరిగిన చెవి గీరుకుంది. "చిన్నప్పుడే పోయినారు."

"ఎట్ల పోయినారు?"

"ఏమో, వాంతులనీ అదనీ. వాళ్లకు రాత లేదు."

"మరి అదే కదమ్మా నేను చెప్పేది" అంది ఎద్దు.

"రోగమొస్తే నా ముక్కుకు తెలుస్తాది మైలన్నా! అప్పుడు చూసుకుంటా."

"రోగానికి వాసనుంటాదని నీకెవరు చెప్పినారు?"

సివంగి లేచి దొడ్డి అవతలికి నడిచింది. జవాబు లేనప్పుడు మనుషులు తలుపు వేసుకుంటారు, కుక్కలు తోక తిప్పుకుని పోతాయి.

తెల్లవారాక లింగమ్మ పేడ ఎత్తుతుండగా సివంగి ఒక పిల్లను మెడ పట్టుకుని వంకకు నడిచింది. గుంట ముందు దాన్ని దించి, తల లోపలికి పెట్టి వాసన చూసింది. వావిలాకు, ఎండిన గోనె, పాత నక్క. అంతే. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చూసింది. ఏ తల్లయినా ఇంతకంటే జాగ్రత్తగా ఏం చూస్తుంది? ముక్కు బాగానే పనిచేసింది. ఆ ముక్కు చూడలేనిదే ఆ గోనెలో ఉంది.

రెండోదాన్ని తెచ్చింది, మూడోదాన్ని తెచ్చింది. పిడికెడు కోసం వచ్చేసరికి అది లింగమ్మ గంపలో పాత చీర కింద నిద్రపోతోంది. అంతలో రోడ్డు మీద సూదుల బండి మైకు మోగింది. "దీనిదేముందిలే, ఎట్లాగూ బతికేది కాదు" అనుకుని సివంగి దాన్ని వదిలేసి తుప్పల్లోకి దూరింది.

బండి వచ్చింది. ఎద్దుకు సూది వేశారు. అది తోక కూడా ఆడించలేదు. గొర్రెలకు వేశారు. కోడి పిల్లలకు కంట్లో చుక్కలు వేశారు, కోడి ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

"మిగతా కుక్కపిల్లలేవి?" అంది డాక్టరమ్మ.

"యాడ దాచిందోమ్మా సివంగి. పిలిస్తే పలకలేదు" అంది లింగమ్మ.

"దొరికాక ఆసుపత్రికి తీసుకురండి. అశ్రద్ధ చేయకండి."

"తెస్తాంలేమ్మా" అన్నాడు ఓబులేసు. ఆ మర్నాడు గొర్రెల బొచ్చు కత్తిరింపు, ఆ పైన చుట్టాలు, ఆ పైన ఇంకేదో. ఓబులేసు చెడ్డవాడు కాదు. రేపు అనే మనిషి.

గంపలోంచి పిడికెడును తీసి సూది వేశారు. అది ఒక్కసారి కుయ్యిమని మళ్లీ పడుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టు లింగమ్మ దాన్ని కొట్టంలోపల కట్టేసి, గొర్రెపాలు తాపి, తలుపు మూసింది. సాయంత్రం సివంగి తలుపు సందులోంచి చూసింది. పిల్ల మూతి నేలకు ఆనించి, కళ్లు సగం మూసుకుని ఉంది.

"చూసినావా మైలన్నా! తల వాలేసింది. తమ్ముడు చెప్పినట్టే అయింది."

"రేపు చూడు" అంది ఎద్దు.

మర్నాడు పిడికెడు లేచి లింగమ్మ కొంగు కొరుకుతోంది. ఆ సమయానికి సివంగి వంక ఒడ్డున ఉంది, చూడలేదు. చూడాలనుకున్నదే చూసి వచ్చేసింది.

గుంటలో మూడు పిల్లలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. గోనె కొరికాయి, గోనె మీద పొర్లాయి, గోనె మీదే పాలు తాగి పడుకున్నాయి. సివంగికి పట్టరాని సంతోషం. దారిలో కోడి కనిపిస్తే ఆపి అడిగింది.

"ఏమే, నీ పిల్లలకు చుక్కలు ఏయించినావంట? మాకు మాత్రం వద్దని చెప్పినావే!"

"నాకేం తెలుసు వదినా, పట్టుకుని ఏసేసినారు" అంది కోడి. మొహం పక్కకు తిప్పుకుంది. దాని పిల్లలు పెంటకుప్ప మీద హాయిగా గీరుకుంటున్నాయి.

కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున పెద్ద పిల్ల పాలకు రాలేదు. సివంగి మూతితో తోసింది. అది లేచి, నాలుగడుగులు వేసి, తెల్లటి నురగ కక్కింది. మధ్యాహ్నానికి రెండోది. సాయంత్రానికి మూడోది. నురగ పోయి నెత్తురు మొదలైంది.

అప్పుడొచ్చింది సివంగికి వాసన. గుంటంతా, నేలంతా, తన ఒళ్లంతా అదే వాసన. రోగం ముందుగా కబురు పెట్టలేదు. పని పూర్తిచేసుకున్నాక తెలిసింది. సివంగి గుంట బయటికొచ్చి నక్కను పిలిచింది.

"తమ్ముడూ! తమ్ముడూ, రారా! పిల్లలకు ఏందో అయింది!"

గట్టు మీద గడ్డి కదిలింది. ఎవరూ రాలేదు.

అప్పుడు సివంగి తన పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ మళ్లీ మోసింది. వెళ్లేటప్పుడు మెడ పట్టుకుంటే తన్నుకున్న పిల్లలు ఇప్పుడు గుడ్డపేలికల్లా వేలాడాయి. మూడింటినీ లింగమ్మ కాళ్ల దగ్గర పెట్టి, మూతి ఎత్తి ఆమె మొహంలోకి చూసింది. పిల్లల్ని దాచిందే వచ్చి కాపాడమని అడుగుతోంది. లింగమ్మ ఓబులేసును కేకేసింది.

ఓబులేసు పిల్లల్ని గంపలో వేసి, మోటారుబండి వెనక కట్టుకుని ఆసుపత్రికి పరుగు తీశాడు. ఒక పిల్ల దారిలోనే పోయింది. మిగతా రెండింటికీ డాక్టరమ్మ సెలైన్ పెట్టింది. కాలి నరం దొరక్క, దొరికాక నిలవక, చెమటలు పట్టి ప్రయత్నించింది. పొద్దుగూకేలోపు రెండోది, దాని వెనకే మూడోది పోయాయి.

"దీనికి ముందే వేయాలి ఓబులేసూ. వచ్చాక నా చేతిలో ఏమీ లేదు" అంది ఆమె. "ఇంకొకటి ఉంది కదా, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. వీటిని తాకిన తల్లిని కూడా కొన్నాళ్లు దాని దగ్గరికి రానివ్వకండి. ఇవి పడుకున్న గుడ్డలన్నీ కాల్చేయండి."

ఓబులేసు మూడింటినీ బీడు చివర పాతిపెట్టాడు. లింగమ్మ సివంగిని కొట్టానికి అవతలి వైపు గుంజకు కట్టేసింది. దాని పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లలా అయ్యాయి. మిగిలిన ఒక్క పిల్ల గోడ అవతలే ఉంది. కుయ్యిమంటే వినిపిస్తుంది. బతికేది కాదని తాను వదిలేసిన ఆ పిల్లొక్కటే బతికింది, దాన్ని నాకడానికి తనకు హక్కు లేదు. నాకైతే ఇంతకంటే పెద్ద శిక్ష తెలియదు.

ఎద్దు అంతా చూసింది. "నేను చెప్పలేదా" అని మాత్రం అనలేదు. తన ముందున్న గడ్డి కొంచెం అటువైపు తోసింది, కుక్కకు గడ్డి దేనికని కూడా ఆలోచించకుండా.

సివంగి గుంజకు ఉంది కాబట్టి దొడ్డికి కాపలా లేదు. నక్క ఎదురుచూసింది ఈ పూట కోసమే. చీకటి పడుతుండగా కంప కిందినుంచి దూరి, ఒక పసి గొర్రెపిల్లను మెడ పట్టుకుని లాక్కెళ్లింది. తల్లిగొర్రె అరుపుకు ఓబులేసు కర్ర తీసుకుని వచ్చేసరికి రక్తపు చుక్కలే మిగిలాయి. అతను పరుగెత్తి సివంగి కట్టు విప్పాడు.

"పోవే! పట్టుకో!"

సివంగి ఆ వాసన పట్టుకుని వంక దాటింది. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. గోనెసంచిని గుంటలోకి ఎవరు తెచ్చారో దానికి ఎప్పుడో అర్థమైంది. గుంజకు కట్టేసి ఉన్నంతసేపూ ఆలోచించడం తప్ప వేరే పనేముంది? నక్క గొంతు పట్టుకుని, వదలకుండా, చివరిదాకా పట్టుకోవాలని వెళ్లింది.

గట్టు కింద నక్క ఇల్లు కనిపించింది. గుమ్మం ముందు గొర్రెపిల్ల పడి ఉంది. ఒక్క ముక్క కూడా ఎవరూ కొరకలేదు. దాని అవతల నక్క భార్య, భార్య ముందు ముగ్గురు పిల్లలు. ఒకటి కదలడం లేదు. రెండు తల ఎత్తలేక నురగ కక్కుతున్నాయి.

"తినండి నాయనా" అంటోంది నక్క. మాంసాన్ని మూతితో వాటి దగ్గరికి తోస్తోంది. "మీ కోసమే తెచ్చినా. లేత మాంసం. ఒక్క ముక్క."

సివంగి గుర్రుమంది. నక్క తిరిగి చూసింది. పళ్లు చూపించలేదు, పరుగెత్తలేదు.

"కరిచెయ్యక్కా" అంది. "కరుద్దువులే. అంతకుముందు ఒక్క మాట చెప్పు. ఆ డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడొస్తాది?"

సివంగి గుర్రుమంటూనే ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇంకా ఇద్దరున్నారు అక్కా. నువ్వు నోట కరుచుకుపోయి లింగమ్మ ముందు పెట్టు. పసివాటికి తేడా తెలీదు, కుక్కపిల్లలే అనుకుంటారు. ఒక్క సూది ఏయించు. నీ కాళ్లు పట్టుకుంటా."

నక్క భార్య తల ఎత్తింది. "ఏ సూది? ఏ డాక్టరమ్మ? ఏమంటాండావయ్యా నువ్వు?"

నక్క తల దించుకుని మాంసాన్ని ఇంకాస్త పిల్లల వైపు తోసింది.

"నీకు ముందే తెలుసా ఈ రోగం? యాడినుంచి వచ్చింది ఇది?" ఆమె నక్కను చూసింది, సివంగిని చూసింది, మళ్లీ నక్కను చూసింది. "నువ్వు తెచ్చినావా ఇంటికి?"

"కుక్కల కోసం తెచ్చినానే!" అని ఏడ్చింది నక్క. "మనకోసం కాదు!"

ఆమె పిల్లల వైపు తిరిగింది. ఊపిరి ఉన్న రెండు పిల్లల్నీ తన కిందికి లాక్కుని, మొగుడికి వీపు పెట్టి పడుకుంది.

సివంగికి ఎంత కసి ఉందో నేను చెప్పలేను. నక్క మెడ అందేంత దూరంలోనే ఉంది, వంచి కూడా ఉంది. అయినా నోరు తెరుచుకోలేదు. ఆ రెండు పిల్లల మూతుల మీది నురగ తను నాలికతో తుడిచిన నురగే.

"సూది రోగం రాకముందురా" అంది చివరికి. "వచ్చినాక లేదు. నీ గడపకు ఏ డాక్టరమ్మా ఎప్పటికీ రాదు. నా వాకిట్లోకి తానే వచ్చింది, పిల్లలేరీ అని అడిగింది. నేను తుప్పల్లో కూర్చుని విన్నా."

చచ్చిన గొర్రెపిల్లను నోట కరుచుకుని సివంగి వెనుదిరిగింది. అది ఓబులేసు సొత్తు, దాన్ని అప్పజెప్పాలి. వెనకనుంచి "అక్కా! ఒక్క సూది అక్కా!" అని నక్క పిలుస్తూనే ఉంది. అంత జిత్తులున్న నోటికి ఆ పూట అంతకంటే మాట దొరకలేదు. ఆ పిలుపు వంక దాటేదాకా వినిపించింది, ఆ తర్వాత వినిపించలేదు.

నీతి: ఎదుటివాడి బిడ్డకు మందు అందకుండా చేసినవాడు తన బిడ్డకు రోగం నోట కరుచుకుని తెస్తాడు.